చైనాతో వ్యాపారం, చైనాపై నియంత్రణ: అమెరికా రెండూ ఒకేసారి ఎలా నడుపుతోంది?

విభాగం: అంతర్జాతీయ వ్యవహారాలు | 2025 నవంబర్

#1 గడియారస్తంభం

అందరికీ నమస్కారం. 2000 మే 24న అమెరికా ప్రతినిధుల సభ చైనాకు శాశ్వత సాధారణ వాణిజ్య హోదా ఇచ్చే బిల్లును 237–197 ఓట్లతో గట్టెక్కించింది. మరుసటి ఏడాది డిసెంబర్ 11న చైనా డబ్ల్యూటీఓలో చేరింది. అదే అమెరికా 2019 మేలో చైనా టెలికాం కంపెనీ హువావేని ఎంటిటీ లిస్టులో, అంటే లైసెన్సు లేకుండా అమెరికా సరుకులు అమ్మకూడని సంస్థల జాబితాలో పెట్టింది. 2022 అక్టోబర్ 7న అత్యాధునిక చిప్పులు, వాటిని తయారుచేసే యంత్రాలు చైనాకు చేరకుండా నిబంధనలు తెచ్చింది. ఈ పాతికేళ్లలో వ్యాపారం పూర్తిగా ఆగింది లేదు, అనుమానం పూర్తిగా పోయిందీ లేదు.

దీని మీద వచ్చే వ్యాసాలన్నీ "కలుపుకుపోవాలి", "కట్టడి చేయాలి" అనే రెండు గట్ల మీద నిలబడి రాసినవే. నాకు కావలసింది ఆ రెండిటి మధ్య జరిగే పని. ఏ కార్యాలయం, ఏ నిబంధన, హద్దు ఎక్కడ గీశారు, ఎక్కడ బెడిసికొట్టింది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అనే వాదన మాత్రం ఈ థ్రెడ్‌లో వద్దు.

#2 లైసెన్సు_ముద్ర

ముందు కార్యాలయం సంగతి. అమెరికా వాణిజ్య శాఖలో బీఐఎస్ (పరిశ్రమలు, భద్రతా బ్యూరో) అనే విభాగం ఉంది. పౌర అవసరాలకూ సైనిక అవసరాలకూ పనికొచ్చే సరుకులకు ఎగుమతి లైసెన్సులు ఇచ్చేది అదే, అయితే ఒంటరిగా కాదు. దరఖాస్తును రక్షణ, విదేశాంగ, ఇంధన శాఖలు కూడా చూస్తాయి. తమ దగ్గరికి వచ్చిన 30 రోజుల్లో అభిప్రాయం చెప్పాలి. పొసగకపోతే పై కమిటీకి, అక్కడా తేలకపోతే ఇంకా పైకి వెళ్తుంది. మొత్తం 90 రోజుల్లో తేలాలి, లేదంటే అధ్యక్షుడి దాకా పోవాలి. 1995 నాటి అధ్యక్ష ఉత్తర్వు పెట్టిన పద్ధతి ఇది. వ్యాపారం పెంచాల్సిన శాఖా, భద్రత చూడాల్సిన శాఖా ఒక్కో సరుకు మీద వాదించుకునే చోటు ఇదే. మీరడిగిన సమతూకం ఉపన్యాసాల్లో కన్నా ఇక్కడే ఎక్కువగా తయారవుతుంది.

ఎంటిటీ లిస్టులో పేరు పడితే ఆ కంపెనీకి అమ్మకాలు నిలిచిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. లైసెన్సు తీసుకుంటే అమ్మొచ్చు. హువావే జాబితాలో ఉండగానే 2020 నవంబర్‌లో క్వాల్‌కామ్‌కు 4జీ చిప్పులు అమ్మే లైసెన్సు వచ్చింది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు ఇంటెల్‌కూ ఇచ్చారు. 2024 మేలో ఆ లైసెన్సులు రద్దయ్యాయి. అంటే జాబితాలో పెట్టిన తర్వాత కూడా ఎంత వదలాలో, ఎప్పుడు బిగించాలో ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది.

చాలామంది గమనించని నియమం ఒకటుంది. కొత్త పేరు చేర్చడానికి సంబంధిత శాఖల కమిటీలో మెజారిటీ చాలు. తీసేయడానికి ఏకాభిప్రాయం కావాలి. అందుకే జాబితా పెరగడం తేలిక, తగ్గడం కష్టం. ఎదుటి దేశం దారికి వస్తే బహుమతిగా పేరు తీసేద్దామనుకున్నా ఒక్క శాఖ కాదంటే కుదరదు.

ఇక హువావే విషయంలో మొదటి ఏడాది ఏం తప్పిందో చూడండి. విదేశంలో తయారైన వస్తువులో నియంత్రణలో ఉన్న అమెరికా భాగాల విలువ 25 శాతానికి మించకపోతే సాధారణంగా ఈ నిబంధన వర్తించదు. తైవాన్‌లో టీఎస్‌ఎంసీ తయారుచేసే హువావే చిప్పులు ఆ లెక్కలో బయటే ఉండిపోయాయి. కాబట్టి 2019 మే తర్వాత కూడా సరఫరా సాగింది. 2020 మేలో లెక్క మార్చారు. భాగాల విలువతో పని లేకుండా, అమెరికా సాంకేతికతతోనో పరికరాలతోనో తయారైన చిప్ అయితే చాలు, నిబంధన కిందికి తెచ్చారు. 120 రోజుల గడువు ఇచ్చారు, ఆగస్టులో ఇంకా బిగించారు. ఆ మధ్యకాలంలో హువావే చేతనైనంత నిల్వ చేసుకుంది.

#3 సిలికాన్_సీమ

లైసెన్సు_ముద్ర గారు కంపెనీ పేరు మీద వచ్చే నియంత్రణ చెప్పారు. 2022 అక్టోబర్ 7 నాటిది వేరే రకం. అక్కడ హద్దు గీసింది సాంకేతిక కొలతల మీద.

తయారీ వైపు మూడు గీతలు: లాజిక్ (లెక్కలు చేసే) చిప్పులకు 16/14 నానోమీటర్లు, డీర్యామ్ (తాత్కాలిక మెమరీ)కు 18 నానోమీటర్లు, న్యాండ్ (డేటా నిల్వ) మెమరీకి 128 పొరలు. నానోమీటర్లు తగ్గేకొద్దీ, పొరలు పెరిగేకొద్దీ చిప్ అంత అధునాతనం. ఈ స్థాయికి, లేదా ఇంతకన్నా ముందుకు వెళ్లిన చైనా ఫ్యాక్టరీకి పరికరాలు అమ్మాలంటే లైసెన్సు కావాలి. అలాంటి చోట అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డుదారులు పనిచేయాలన్నా లైసెన్సు ఉండాలి. మొదటి వారంలోనే ఎక్కువ కలకలం రేపింది ఈ మనుషుల నిబంధనే. యంత్రాన్ని నిలబెట్టి, సరిచేసి నడిపించే ఇంజనీర్లు వెనక్కి వచ్చేస్తే ఉన్న యంత్రం కూడా సగం పనికే వస్తుంది.

చిప్పుల వైపు రెండు కొలతలు పెట్టారు: గణన సామర్థ్యం, చిప్పుల మధ్య డేటా వేగం. రెండూ కలిసి దాటితేనే నిషేధం. వేగం గీత సెకనుకు 600 గిగాబైట్లు. అమెరికా కంపెనీ ఎన్విడియా ఏఐ చిప్ ఏ100 సరిగ్గా అక్కడే ఉంది. కొద్ది వారాల్లో అదే చిప్పును 400 గిగాబైట్లకు తగ్గించి ఏ800 పేరుతో చైనాకు అమ్మారు. గణన సామర్థ్యం అలాగే ఉంది. దాని తర్వాతి తరం చిప్ హెచ్100కు కూడా ఇలాగే హెచ్800 వచ్చింది. చైనా ఏఐ కంపెనీ డీప్‌సీక్ తన వీ3 మోడల్‌ను 2,048 హెచ్800 చిప్పుల మీద శిక్షణ ఇచ్చినట్టు 2024 డిసెంబర్‌లో ప్రకటించింది. అమ్మినప్పుడు అవన్నీ చట్టబద్ధమైన చిప్పులే.

2023 అక్టోబర్ 17న వేగం గీత తీసేసి, మొత్తం సామర్థ్యంతో పాటు చిప్ వైశాల్యానికి ఎంత సామర్థ్యం ఉందనే సాంద్రత కొలత పెట్టారు. ఆ గీతకు లోబడేలా ఎన్విడియా చేసిన హెచ్20 చిప్ వచ్చింది. గణనలో బలహీనమే అయినా మెమరీ వేగం బాగా ఎక్కువ, అందువల్ల తయారైన మోడల్‌ను నడపడానికి చక్కగా సరిపోతుంది. ఇలాంటి చిప్పుల్లో వాడే వేగవంతమైన హై బ్యాండ్‌విడ్త్ మెమరీ మీద విడిగా నియంత్రణ వచ్చింది 2024 డిసెంబర్ 2న.

ఏ కొలత పెట్టినా దానికి ఒక్క అడుగు కింద కొత్త వస్తువు పుడుతుంది. కొలత రాసేవాళ్లు ఆ వస్తువు ఎలా ఉంటుందో ముందే ఊహించాలి. 2022లో ఆ పని జరగలేదు.

#4 గడియారస్తంభం

రెండు పోస్టులూ చాలా ఉపయోగం. ఒక సందేహం. చిప్ మీద డిజైన్‌ను కాంతితో ముద్రించే లితోగ్రఫీ యంత్రాలు నెదర్లాండ్స్‌వి, చాలా పరికరాలు జపాన్‌వి. అమెరికా ఒక్కతే నిబంధన పెడితే వాళ్లెందుకు ఆగుతారు?

#5 సిలికాన్_సీమ

వెంటనే ఆగలేదు. అతి సూక్ష్మమైన గీతలు ముద్రించే, అతి ముఖ్యమైన ఈయూవీ లితోగ్రఫీ యంత్రాలకు డచ్ ప్రభుత్వం 2019 నుంచే లైసెన్సు ఇవ్వలేదు. దాని కింది తరం డీయూవీ యంత్రాలే సమస్య. 2023 జనవరి చివర్లో మూడు దేశాలకూ అవగాహన కుదిరింది. జపాన్ 23 రకాల పరికరాలపై పెట్టిన నియంత్రణ జులై 23న అమల్లోకి వచ్చింది, డచ్ నిబంధన సెప్టెంబర్ 1న. అప్పటికే లైసెన్సు ఉన్నవాటిని ఆ ఏడాది చివరిదాకా పంపనిచ్చారు. అంటే అమెరికా ప్రకటనకూ చివరి గడువుకూ మధ్య దాదాపు 15 నెలలు. చైనా ఫ్యాక్టరీలు ఆ వ్యవధిలో కొనగలిగినంత కొన్నాయి. నియంత్రణ బయట ఉన్న పాత రకాల కొనుగోళ్లు ఆ తర్వాతా సాగాయి. 2024 మొదటి త్రైమాసికంలో లితోగ్రఫీ యంత్రాలు చేసే డచ్ కంపెనీ ఏఎస్ఎంఎల్ యంత్రాల అమ్మకాల్లో చైనా వాటా 49 శాతం.

2023 ఆగస్టులో హువావే మేట్ 60 ప్రో ఫోన్‌లో కనిపించిన 7 నానోమీటర్ల చిప్‌ను తయారుచేసింది చైనా కంపెనీ ఎస్ఎంఐసీ. ఈయూవీ లేకుండా, డీయూవీతోనే ఒకే పొరను పలుమార్లు ముద్రించి చేశారు. ఖర్చు ఎక్కువ, పనికొచ్చే చిప్పుల శాతం తక్కువ. కానీ ప్రభుత్వం వెనక నిలబడితే ఖర్చు అడ్డం కాదు.

#6 పాత_నౌకాశ్రయం

ఇదే పని 1898–1914 మధ్య బ్రిటన్ చేసింది, జర్మనీతో. పోల్చి చూస్తే కొన్ని విషయాలు తేటపడతాయి.

1898లో, మళ్లీ 1900లో జర్మనీ నౌకాదళ మంత్రి టిర్పిట్జ్ నౌకాదళ చట్టాలు తెచ్చాడు. రెండోదాని లక్ష్యం 38 యుద్ధనౌకలు. బ్రిటన్ వ్యాపారం ఆపలేదు. జర్మన్ వాణిజ్య నౌకల్లో చాలావాటికి బీమా లండన్‌లోనే జరిగేది. మరోపక్క 1902లో జపాన్‌తో మైత్రి, 1904లో ఫ్రాన్స్‌తో, 1907లో రష్యాతో ఒప్పందాలు చేసుకుని దూరపు సముద్రాల నుంచి నౌకలను ఇంటికి రప్పించుకుంది. 1907 జనవరి 1న అధికారి ఐర్ క్రో బ్రిటిష్ విదేశాంగ శాఖలో రాసిన మెమొరాండం జర్మనీని తీవ్రంగా అనుమానించింది. అదే శాఖలో అంతకుముందు ఏడాది దాకా ఉన్నతాధికారిగా ఉన్న థామస్ శాండర్సన్ ఫిబ్రవరిలో దానికి జవాబు రాశాడు: ఎదుగుతున్న దేశం చేసే ప్రతి పనీ కుట్ర కాదని. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితే నేటి వాషింగ్టన్ వాదనలు సగం అందులోనే ఉన్నాయి.

1906లో బ్రిటన్ కట్టిన కొత్త తరహా భారీ యుద్ధనౌక డ్రెడ్‌నాట్ వచ్చింది. బ్రిటన్ పాత నౌకలకూ విలువ పడిపోయింది, అది దానికి నష్టమే. జర్మనీకి ఇంకో ఖర్చు తగిలింది. అంత పెద్ద నౌకలు పట్టడానికి కీల్ కాలువను వెడల్పు చేయాల్సి వచ్చింది, ఆ పని 1914 జూన్‌కు గానీ పూర్తికాలేదు. 1909లో బ్రిటన్ ఒకే కార్యక్రమంలో ఎనిమిది నౌకలకు అనుమతించింది.

పోటీని చివరికి తేల్చింది పన్నులు. బ్రిటన్ ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ 1909 బడ్జెట్‌లో ధనికుల మీద పన్ను పెంచి నౌకలకూ పింఛన్లకూ డబ్బు తెచ్చాడు. అదే ఏడాది జర్మనీలో వారసత్వ పన్ను పెంచబోయిన ఛాన్సలర్ బ్యూలో పార్లమెంటు (రైష్‌టాగ్)లో ఓడిపోయి దిగిపోయాడు. ఎదుటివాడి నౌకలు లెక్కపెట్టడం కన్నా ఎవరి ఖజానా ఎంతకాలం తట్టుకుంటుందో చూడటం ముఖ్యం. 2022 ఆగస్టు 9న దేశంలోనే చిప్పుల తయారీ పెంచడానికి అమెరికా చేసిన చిప్స్ చట్టాన్నీ, అందులోని 52.7 బిలియన్ డాలర్లనూ ఆ దృష్టితోనే చూడాలి. అడ్డుకోవడానికి పెట్టే శ్రమలో సగమైనా సొంత ఉత్పత్తి మీద పెట్టకపోతే ఏ నియంత్రణా పదేళ్లు నిలవదు.

#7 తులసికోట

పాత_నౌకాశ్రయం గారూ, జర్మనీ ఒక్కటే చెబితే బొమ్మ సగమే. అదే కాలంలో బ్రిటన్ ఎదుట ఇంకో ఎదుగుతున్న శక్తి ఉంది, అమెరికా. 1895 డిసెంబర్‌లో వెనిజులా, బ్రిటిష్ గయానా సరిహద్దు మీద అమెరికా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ యుద్ధ భాషలో మాట్లాడాడు. బ్రిటన్ మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంది. 1899 తీర్పులో భూభాగంలో చాలా భాగం బ్రిటిష్ గయానాకే వచ్చింది. 1901లో పనామా ప్రాంతపు కాలువపై తనకున్న సమాన హక్కును వదిలేసింది. 1903లో అలాస్కా సరిహద్దు ట్రిబ్యునల్‌లో బ్రిటిష్ న్యాయమూర్తి అల్వర్‌స్టోన్ అమెరికా పక్షాన ఓటు వేశాడు. ఇద్దరు కెనడా సభ్యులు సంతకం పెట్టడానికి నిరాకరించారు.

ఒకరికి అన్నీ వదిలి, ఇంకొకరితో నౌక నౌకకూ ఎందుకు పోటీపడింది? భాష, బంధుత్వం అంటారు. నాకు అంతకన్నా బలంగా కనిపించేది దూరం. అమెరికా కోరినవి బ్రిటన్ తీరానికి వేల మైళ్ల అవతల ఉన్నాయి. జర్మనీ కట్టిన నౌకలు ఉత్తర సముద్రంలో, ఇంటి గడప ముందు నిలిచాయి. ఎదుటివాడికి ఏది ఇచ్చినా మన ప్రాణానికి ముప్పు లేదో అది ఇవ్వొచ్చు. నేటి అమెరికాకు ఆ విభజన కష్టం, ఎందుకంటే అత్యాధునిక చిప్పులు తయారయ్యే తైవాన్ చైనా తీరానికి దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు, సైనికాధికారుల మధ్య ఫోన్. 2001 ఏప్రిల్ 1న అమెరికా ఈపీ-3 నిఘా విమానం, చైనా యుద్ధవిమానం ఢీకొన్నాయి. ఈపీ-3 చైనా దీవి హైనాన్‌లో దిగింది. చైనా పైలట్ చనిపోయాడు. 24 మంది అమెరికన్ సిబ్బందిని 11 రోజులు ఉంచుకున్నారు. సముద్రంలో ప్రమాదాలు నివారించే సంప్రదింపుల ఒప్పందం 1998 నుంచే ఉంది. అయినా మొదటి గంటల్లో అవతల ఫోన్ ఎత్తేవాళ్లే లేరు. 2022 ఆగస్టులో అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ పెలోసీ తైవాన్ వెళ్లాక చైనా సైనిక సంప్రదింపులు తెంచేసింది. 2023 ఫిబ్రవరిలో చైనా బెలూన్‌ను అమెరికా కూల్చినప్పుడు అమెరికా రక్షణ మంత్రి మాట్లాడతానంటే చైనా ఒప్పుకోలేదు. ఆ ఏడాది నవంబర్ 15న బైడెన్, షీ కలిసినప్పుడు పునరుద్ధరించారు. కమాండర్ల స్థాయిలో సంభాషణ జరిగింది 2024 సెప్టెంబర్‌లో.

అమెరికా ఈ ఫోన్‌ను ప్రమాదం ముదరకుండా ఆపే సాధనంగా చూస్తుంది. చైనా దాన్ని మంచి నడవడికకు ఇచ్చే ప్రతిఫలంగా చూస్తుంది, కోపం వస్తే ముందు తెంచేది అదే. ఆ తేడా తెలియకుండా "చర్చల మార్గాలు తెరిచే ఉన్నాయి" అని ధీమాగా ఉండటం ప్రమాదం.

#8 ఇసుకతీరం

ఇప్పటిదాకా అమెరికా చేతిలోని పట్టు గురించే మాట్లాడారు. చైనా చేతిలో ఉన్నదీ చూడాలి. 2023 ఆగస్టు 1న గాలియం, జర్మేనియం ఎగుమతులకు లైసెన్సు పెట్టింది. 2024 డిసెంబర్ 3న అమెరికాకు ఆ రెండిటితో పాటు ఆంటిమనీని కూడా నిషేధించింది. 2025 ఏప్రిల్ 4న ఏడు అరుదైన మృత్తిక మూలకాల మీద లైసెన్సు: సమేరియం, గాడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, ఇట్రియం. వీటిని కలిపిన అయస్కాంతాలు కూడా అందులోకి వచ్చాయి. మేలో అయస్కాంతాలు అందక ఫోర్డ్ చికాగో ప్లాంటు వారంపాటు ఆగింది.

అసలు ఇరుకు గనిలో లేదు. ఖనిజం చాలా చోట్ల ఉంది. ఒకదానికొకటి దగ్గరి రసాయన లక్షణాలున్న ఈ మూలకాలను విడదీయాలంటే ద్రావణులతో వందల దశల్లో కడగాలి. ఆ శుద్ధి సామర్థ్యంలో దాదాపు 90 శాతం చైనాలో ఉంది. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని 2025 వసంతం దాకా తన ఖనిజ సారంలో చాలా భాగాన్ని చైనాకే పంపేది. 2025 జులైలో అమెరికా రక్షణ శాఖ ఆ గని కంపెనీలో 400 మిలియన్ డాలర్లు పెట్టి, అయస్కాంతాల్లో వాడే నియోడిమియం–ప్రసియోడిమియంకు కిలోకు 110 డాలర్ల కనీస ధర పదేళ్లపాటు హామీ ఇచ్చింది. ఈ హామీ ఎందుకంటే, బయట ఎవరైనా ప్లాంటు పెట్టగానే చైనా నుంచి సరుకు పెరిగి ధర పడిపోతుంది, ప్లాంటు మూతపడుతుంది.

మన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దేశంలో ఈ మూలకాలుండే మోనజైట్ ఖనిజ వనరులు అత్యధికంగా ఉన్నది ఆంధ్ర తీరపు ఇసుకలో. విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ సమేరియం–కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటును 2023 మేలో జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు, అంటే మూడు టన్నులు. అంతరిక్షం, రక్షణ అవసరాలకు పనికొస్తుంది, కార్ల పరిశ్రమకు చాలదు. పైగా మోనజైట్‌లో తేలిక మూలకాలే ఎక్కువ, డిస్ప్రోసియం, టెర్బియం బహు తక్కువ. థోరియం ఉండటం వల్ల అణుఖనిజ నిబంధనలూ వర్తిస్తాయి. "మన దగ్గర ఇసుక ఉంది కదా" అనేవాళ్లు ఈ మూడూ గుర్తుపెట్టుకోవాలి.

#9 లైసెన్సు_ముద్ర

చైనా ఈ పనిముట్లను ఎక్కడ నేర్చుకుందో కూడా చూడండి. నమ్మదగని సంస్థల జాబితా 2020 సెప్టెంబర్‌లో, ఎగుమతి నియంత్రణ చట్టం అదే ఏడాది డిసెంబర్ 1న, విదేశీ ఆంక్షల ప్రతిఘటన చట్టం 2021 జూన్‌లో. 2025 అక్టోబర్ 9 ప్రకటనలో ఇంకో అడుగు వేశారు: విదేశంలో తయారైన వస్తువు విలువలో చైనా అరుదైన మూలకాలు 0.1 శాతం ఉన్నా లైసెన్సు కావాలన్నారు. హువావే కోసం అమెరికా వాడిన విదేశీ ఉత్పత్తి నిబంధన నమూనాయే అది.

ఇంతకుముందు ఎవరూ చెప్పని మంచి ఉదాహరణ ఒకటి చెబుతాను. లైసెన్సు మీద వెళ్లిన సరుకు చెప్పిన చోటే ఉందా లేదా అని అమెరికా అధికారులు వెళ్లి చూడాలి. చైనాలో అలా చూడాలంటే అక్కడి వాణిజ్య మంత్రిత్వ శాఖ అనుమతి ఉండాలి. ఏళ్ల తరబడి ఆ తనిఖీలు నత్తనడక నడిచాయి. 2022 అక్టోబర్ 7నే బీఐఎస్ ఒక కాలపట్టిక పెట్టింది: తనిఖీకి 60 రోజుల్లో అవకాశం ఇవ్వకపోతే ఆ కంపెనీ ధ్రువీకరణ కాని సంస్థల జాబితాలోకి, మరో 60 రోజులు గడిస్తే ఎంటిటీ లిస్టులోకి. తనిఖీలు జరగసాగాయి. 2023 ఆగస్టులో 33 సంస్థలను ధ్రువీకరణ కాని జాబితా నుంచి తీసేశారు, వాటిలో 27 చైనావి. ఆ వెంటనే అప్పటి అమెరికా వాణిజ్య మంత్రి రైమొండో బీజింగ్ వెళ్లి, నియంత్రణల అమలుపై సమాచారం పంచుకునే ఏర్పాటు కుదుర్చుకున్నారు.

షరతు రాతపూర్వకం, గడువు స్పష్టం, పాటిస్తే బయటపడే దారి ఉంది. భయమూ సహకారమూ రెండూ పనిచేశాయి.

#10 గడియారస్తంభం

> పాటిస్తే బయటపడే దారి ఉంది

అలాంటప్పుడు నియంత్రణలను బేరంలో పెట్టడం తప్పెలా అవుతుంది? 2018లో చైనా టెలికాం కంపెనీ జడ్‌టీఈపై ఏడేళ్ల నిషేధం పెట్టి, 1 బిలియన్ డాలర్ల జరిమానా, 400 మిలియన్ల పూచీ డిపాజిట్ తీసుకుని ఎత్తేశారు కదా.

#11 తులసికోట

అమెరికా ఆంక్షల కేసులో ముందే అంగీకరించిన ఒప్పందాన్ని జడ్‌టీఈ ఉల్లంఘించింది, దానికి శిక్ష అది. అయినా అధ్యక్షుడు వాణిజ్య చర్చల మధ్యలో కలగజేసుకోవడంతో చట్టం అమలూ బేరమూ కలగలిసిపోయాయి. హెచ్20 విషయం ఇంకా బలంగా ఆలోచింపజేస్తుంది. 2025 ఏప్రిల్‌లో దేశభద్రత పేరుతో లైసెన్సు పెట్టారు. జులైలో అమ్మకాలకు అనుమతిస్తామన్నారు. ఆగస్టులో చైనా అమ్మకాల ఆదాయంలో 15 శాతం ప్రభుత్వానికి ఇచ్చేలా ఏర్పాటు. ఆ తర్వాత చైనా అధికారులే తమ కంపెనీలను ఆ చిప్పులు కొనొద్దన్నారు.

ఒక వస్తువు ప్రమాదకరమైతే 15 శాతం తీసుకున్నంత మాత్రాన ప్రమాదం తగ్గదు. ప్రమాదకరం కాకపోతే ఏప్రిల్ నిబంధనకు ఆధారం లేదు. ఈ ఊగిసలాట చూసిన డచ్, జపాన్ ప్రభుత్వాలు తమ కంపెనీలను నష్టపోమని రేపు ఏ ముఖంతో అడుగుతాయి? నా అభ్యంతరమంతా అక్కడే. సుంకాలు బేరానికి పనికొస్తాయి, ఎందుకంటే సుంకం పెంచినా తగ్గించినా ఎవరూ అబద్ధమాడినట్టు కాదు. భద్రత పేరుతో గీసిన గీతను అమ్మకానికి పెడితే తర్వాత గీసే ప్రతి గీతకూ అవతలివాళ్లు ధర అడుగుతారు.

#12 పాత_నౌకాశ్రయం

ఆ మాటకు హాల్డేన్ రాయబారం సరిగ్గా సరిపోతుంది. 1912 ఫిబ్రవరిలో బ్రిటన్ యుద్ధ మంత్రి హాల్డేన్ బెర్లిన్ వెళ్లాడు. నౌకా నిర్మాణం నెమ్మదించడానికి జర్మనీ అడిగిన ధర, యుద్ధమొస్తే బ్రిటన్ తటస్థంగా ఉంటానని మాట ఇవ్వడం. బ్రిటన్ ఇవ్వలేదు. అలాగని తలుపులూ మూయలేదు. బాల్కన్ యుద్ధాల వేళ లండన్ సమావేశంలో ఇద్దరూ కలిసి పనిచేశారు. బాగ్దాద్ రైలు మార్గంపై 1914 జూన్‌లో అంగీకారానికి వచ్చారు. నౌకల పోటీ కూడా అప్పటికి చల్లబడింది.

బ్రిటన్ తప్పిన చోటు వేరే. ఫ్రాన్స్‌తో 1912లో నౌకలను పంచుకుంది: ఫ్రెంచ్ నౌకలు మధ్యధరాకు, బ్రిటిష్ నౌకలు ఉత్తర సముద్రానికి. కానీ ఆ నవంబర్‌లో బ్రిటన్ విదేశాంగ మంత్రి గ్రే రాసిన లేఖ, దీన్ని యుద్ధ బాధ్యతగా భావించవద్దంది. పార్లమెంటుకు ఆ లేఖ తెలిసింది 1914 ఆగస్టు 3న. మిత్రుడికి పూర్తి భరోసా లేదు, ప్రత్యర్థికి స్పష్టమైన హెచ్చరికా లేదు.

#13 సిలికాన్_సీమ

తులసికోట గారితో ఒకచోట విభేదిస్తాను. 2025 అక్టోబర్ 30న దక్షిణ కొరియాలోని బూసాన్‌లో ట్రంప్, షీ కలిసి ఒక ఏడాది వాయిదా తెచ్చుకున్నారు. చైనా అక్టోబర్ 9 నిబంధనలు ఆగాయి, ఎంటిటీ లిస్టులోని సంస్థలకు సగం, అంతకుమించి వాటా ఉన్న కంపెనీలకూ అవే ఆంక్షలు పెట్టే అమెరికా 50 శాతం యాజమాన్య నిబంధన ఆగింది. భద్రత గీతను బేరం పెట్టినట్టే, నిజమే. కానీ శుద్ధి ప్లాంటు కట్టడానికి ఏళ్లు పడుతుంది. ఆ సమయం కొనడానికి అమెరికా దగ్గర వేరే నాణెం ఏముంది? కొన్న సమయాన్ని ప్లాంట్ల మీద పెడితే బేరం సబబే.

#14 తులసికోట

పెడితే సబబే. 2001లో చైనా డబ్ల్యూటీఓలో చేరినప్పుడు, దిగుమతులు ముంచెత్తితే వాడుకోవడానికి అమెరికా 12 ఏళ్ల ప్రత్యేక రక్షణ నిబంధన రాయించుకుంది. బుష్ ప్రభుత్వం తన దాకా వచ్చిన ప్రతి కేసులోనూ దాన్ని వాడటానికి నిరాకరించింది. 2009లో ఒబామా టైర్ల మీద 35 శాతం సుంకంతో ఒక్కసారి వాడాడు. 2013లో గడువు తీరిపోయింది. సమయం కొనుక్కోవడం, వాడుకోవడం వేర్వేరు పనులని అమెరికా చరిత్రే చెబుతోంది.

#15 ఇసుకతీరం

ఒక దిద్దుబాటు: ఏప్రిల్ 4 నాటి ఏడు మూలకాల లైసెన్సు బూసాన్ తర్వాత కూడా అమల్లోనే ఉంది. ఆగింది అక్టోబర్ నిబంధనలే. హైదరాబాద్, బెంగళూరుల్లో మోటార్లు చేసేవాళ్లు "అంతా సడలింది" అనుకుని ఆర్డర్లు ఆలస్యం చేయొద్దు. తుది వినియోగదారు ధ్రువపత్రం, వాడకం వివరాలు లేకుండా దరఖాస్తు కదలదు.

#16 లైసెన్సు_ముద్ర

అమెరికా వైపు కూడా అంతే. 50 శాతం నిబంధన 2025 సెప్టెంబర్ 29న వచ్చింది, 2026 నవంబర్ 9 దాకా ఆగింది. అమెరికా భాగాలున్న సరుకును మూడో దేశానికి తిరిగి ఎగుమతి చేసే మన కంపెనీలకూ వర్తించేదే. కొనుగోలుదారు పేరు జాబితాలో లేకపోతే చాలదు, వాటాదారులను కూడా చూడాలి. జాబితాలోని ఒక సంస్థకు 30 శాతం, మరో సంస్థకు 25 శాతం వాటా ఉంటే రెండూ కూడి 55 అవుతుంది, ఆ కొనుగోలుదారు నిబంధన కిందికి వస్తాడు. వాటా ఇంకో కంపెనీ ద్వారా ఉంటే ఆ గొలుసు పైదాకా వెళ్లాలి. యాజమాన్య పత్రాలు తెప్పించుకోవడానికి నెలలు పడుతుంది కనుక ఈ వాయిదా కాలంలోనే మొదలుపెట్టండి.